చివరి అచ్చు

ఎనుమాముల మార్కెట్లో పొద్దున ఆరున్నర.
చపాటా మిర్చి బస్తాల మధ్య
రికార్డర్ మీట నొక్కాను.
మొదట పడింది దగ్గు.
దగ్గుకు అర్థం లేదంటుంది పుస్తకం.
నా డైరీలో మాత్రం దానికీ ఒక నెంబరు వేశాను.

ఓదెమ్మ తాలు ఏరుతోంది.
"లారీ వచ్చింది" అంది ఎవరితోనో.
"లారీ వచ్చిందా" అంది ఇంకెవరో.
తేడా అల్లా ఒక్క దీర్ఘం.
ఆ దీర్ఘంలో
వచ్చిన లారీ ఒకటి, రాని లారీ ఒకటి
పక్కపక్కనే ఆగి హారన్ కొడుతుంటాయి.

హన్మకొండలో, ఫ్యాను తిరగని గదిలో
మా సారు బోర్డు మీద గీసింది ఇదే.
చెప్పే మాట కొన్ని లోకాలను కొట్టేస్తుంది.
అడిగే మాట దేన్నీ కొట్టెయ్యదు,
ఉన్న లోకాలన్నిటినీ కుప్పలు పోసి
నువ్వు ఏ కుప్పలో నిలబడ్డావో చెప్పమంటుంది.
రాసుకున్నాను. అర్థం కాలేదు.
ఇక్కడ ఈమె వేళ్లు చూస్తే అయింది.
ఎర్రవి ఇటు, తాలు అటు,
ఎటూ తేలనివి ఒళ్లో.
"ఎవలో వచ్చిండ్రు", "వస్తడో రాడో" అనే 'ఓ' కారాలన్నీ
ఆ ఒళ్లోవే అనుకుంటాను.

కాగితం తీసి వరుసగా చదివాను.
సాంబయ్య నిన్న కాంటా పెట్టిండా?
సాంబయ్యనా నిన్న కాంటా పెట్టింది?
నిన్ననా సాంబయ్య కాంటా పెట్టింది?
'ఆ' ఒక టార్చిలైటు,
ఏ మాట మీద పడితే ఆ మాటకే అనుమానం అంటుకుంటుంది.
నేను మురిసిపోతూ నాలుగోది ఎత్తుకునేసరికి
ఆమె చేతులు ఆపింది.
"ఎవలడుగుతున్రు బిడ్డా గిది?
సాంబయ్య పెండ్లామా, సేటా, పోలీసోళ్లా?
అడిగెటోడు ఎవడో ఎరుకలేకుంట
జవాబు ఎట్ల జెప్త?"

నా ప్రశ్నావళిలో ఆ గడి లేదు.

అవతల కమీషన్ దుకాణం ముందు
పరకాల దిక్కు నుంచి వచ్చిన రైతుతో సేటు,
"ఇస్తవా, వాపస్ తీస్కపోతవా?"
రూపం చూస్తే ప్రశ్నే. రెండు కుప్పలు.
ట్రాక్టర్ కిరాయి, రాత్రంతా బస్తాల మీద నిద్ర,
నైరుతిలో కమ్ముకొస్తున్న మబ్బు
కలుపుకుంటే కుప్ప ఒక్కటే.
రైతు అన్నాడు, "నువ్వు జెప్పినంక నేను జెప్పేదేమున్నది?"
అది జవాబా, ప్రశ్నా, మరేమన్నానా?
పెన్సిల్‌తో రాశాను, తర్వాత చెరపొచ్చని.

మధ్యాహ్నం, కాగితంలో లేనిది ఒకటి అడిగాను.
"నిన్నటి కూలి రాలేదా?"
"ఆ. రాలే."
నేను వాక్యం చివర పైకెత్తి వదిలిన అచ్చునే
ఆమె కిందికి దించి ముందు పెట్టింది.
అడిగిందీ అదే, ఒప్పుకున్నదీ అదే.
ఇన్నేళ్లూ ఆ రెంటినీ వేరు వేరు పేజీల్లో చదివాను.
ఒప్పుకున్నది కూలి రాకపోవడాన్ని
అని గుర్తొచ్చేసరికి
నా సంతోషానికి కొంచెం సిగ్గేసింది.

రాత్రి కంప్యూటర్లో ఆమె గొంతు
నీలం గీతగా లేచి పడుతోంది.
ఎక్కడ పైకి పోయిందో కొలిచాను,
ఎన్ని మిల్లీ సెకన్లు నిలిచిందో రాశాను.
టేపు చివర, నేను ఆపడం మరిచిన చోట
ఇంకొంచెం ఉంది.

"గీ మిషిన్ల నా దగ్గు గూడ వడ్డదా?"
పడిందన్నాను.
"మరి దాన్ని ఏమని రాసినవ్?"

దీనికి రెండు కుప్పలు చాలవు.
టేపులో నా గొంతు లేదు.
కాంటా గొలుసు చప్పుడు, ఎవరో ఎవరినో పిలవడం,
మళ్లీ ఆ దగ్గు.